మచ్చల కుక్క మూత్రంలో ఏముంది?

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు బెనెడిక్ట్ ద్రావణం గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలో నీలంగా ఉండే ద్రావణం, అందులో కొన్ని చుక్కల మూత్రం, కింద మంట. చక్కెర ఉంటే ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, బాగా ఉంటే ఇటుక ఎరుపు. ఆ ద్రావణానికి పేరిచ్చిన స్టాన్లీ బెనెడిక్ట్ న్యూయార్క్‌లో కార్నెల్ వైద్య కళాశాల రసాయన శాస్త్రవేత్త. ఆయన పరీక్షించింది మనుషుల మూత్రాన్నే కాదు. 1916 ప్రాంతంలో కుక్కల మూత్రంతో పనిచేస్తూ ఒక వింత గమనించారు. మిగతా కుక్కల మూత్రంలో యూరిక్ యాసిడ్ నామమాత్రంగా ఉంటే, తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలుండే డాల్మేషన్ మూత్రంలో మాత్రం దండిగా ఉంది.

జబ్బు చేసిన డాల్మేషన్‌లో కాదు, ఆరోగ్యంగా గంతులేస్తున్న డాల్మేషన్‌లో. ఇంకో డాల్మేషన్‌ని పట్టుకొచ్చి చూసినా అంతే. ఒక జీవికి వచ్చిన రోగాన్ని అర్థం చేసుకోవడం ఒక ఎత్తు, ఒక జాతి మొత్తానికి అదే మామూలు స్థితి కావడం ఇంకో ఎత్తు. జాతి కుక్కల్లో పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు చాలానే ఉన్నాయి. వాటిలో డాల్మేషన్‌ది నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇందులో రోగం కన్నా దానికి మందు దొరికాక జరిగిన గొడవ పెద్దది.

ముందు యూరిక్ యాసిడ్ సంగతి చూద్దాం. ప్రతి జీవకణంలో డీఎన్‌ఏ ఉంటుంది, అందులో ప్యూరిన్లు అనే పదార్థాలుంటాయి. మాంసం తిన్నప్పుడు బయటి నుంచి కొన్ని వస్తాయి, ఒంట్లో పాత కణాలు చనిపోయినప్పుడు లోపలి నుంచే ఇంకొన్ని వస్తాయి. శరీరం వీటిని మెట్టు మెట్టుగా విడగొట్టుకుంటూ వెళ్తే యూరిక్ యాసిడ్ తయారవుతుంది. ఇది నీళ్లలో సరిగా కరగదు, అదే దీనితో వచ్చిన చిక్కు. అందుకే చాలా క్షీరదాల కాలేయంలో యూరికేజ్ అనే ఎంజైమ్ ఇంకో మెట్టు దిగి దాన్ని అలంటోయిన్‌గా మారుస్తుంది. అలంటోయిన్ నీళ్లలో సులువుగా కరిగి మూత్రంలో వెళ్లిపోతుంది.

మనుషులకూ పెద్ద కోతులకూ ఈ ఎంజైమ్ లేదు. మన పూర్వీకుల్లోనే ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట పోయింది. దాని తాలూకు జన్యువు ఇప్పటికీ మనలో ఉంది, పనిచేయదంతే. ఇంట్లో పెద్దాయన కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే డాక్టరు ‘గౌట్, యూరిక్ యాసిడ్ చేయించండి’ అనేది ఇందుకే. కుక్కకు ఆ బాధ ఉండకూడదు, దానికి యూరికేజ్ ఉంది కాబట్టి. మామూలు కుక్క రోజుకు సుమారు 10 నుంచి 60 మిల్లీగ్రాముల యూరిక్ యాసిడ్ విసర్జిస్తే డాల్మేషన్ 400 నుంచి 600 మిల్లీగ్రాములు విసర్జిస్తుంది.

వెంటనే వచ్చే అనుమానం, డాల్మేషన్‌కి కూడా మనలాగే యూరికేజ్ లేదేమో అని. చాలామంది అలాగే అనుకున్నారు. కానీ 1938లో డాల్మేషన్ కాలేయాన్ని నూరి చూస్తే యూరికేజ్ లక్షణంగా పనిచేస్తోంది. యంత్రం బాగానే ఉంది, సరుకు మాత్రం ఆడకుండా మిగిలిపోతోంది.

అదే ఏడాది సంకర ప్రయోగాల ఫలితాలు కూడా అచ్చయ్యాయి. డాల్మేషన్‌ని వేరే జాతితో కలిపితే పుట్టిన పిల్లలన్నిటి మూత్రమూ మామూలుగానే ఉంది. ఆ పిల్లల్ని తిరిగి డాల్మేషన్లతో కలిపితే కొన్నిటిలో లోపం మళ్లీ బయటపడింది. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే కనబడే లోపం ఇది. ఒక్క ప్రతి మంచిదైనా చాలు, పని జరిగిపోతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది.

మరి లోపం ఏ అవయవంలో ఉంది? దీనికి 1960, 70ల్లో చేసిన పరీక్షలు ఇప్పుడు తలచుకుంటే కాస్త ఒళ్లు జలదరిస్తుంది. డాల్మేషన్‌కీ వేరే కుక్కకీ మూత్రపిండాలు అటూఇటూ మార్చారు. పెద్దగా తేడా రాలేదు. తర్వాత కాలేయాలు మార్చారు. మామూలు కుక్క కాలేయం పెట్టించుకున్న డాల్మేషన్‌లో యూరిక్ యాసిడ్ తగ్గింది, డాల్మేషన్ కాలేయం పెట్టించుకున్న మామూలు కుక్కలో పెరిగింది. తప్పు కాలేయంలోనే ఉందన్నమాట. కానీ కాలేయంలో ఎంజైమ్ బాగానే ఉందని ముందే తేలింది కదా.

రైసు మిల్లు ఒకటి ఊహించుకోండి. మిషను కండిషన్‌లో ఉంది, కరెంటు ఉంది, పనివాళ్లున్నారు. ధాన్యం బస్తాలతో లారీలు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. గేటు మాత్రం తెరుచుకోదు. డాల్మేషన్ కాలేయంలో జరుగుతున్నది ఇదే. యూరిక్ యాసిడ్‌ని రక్తంలోంచి కాలేయ కణం లోపలికి తీసుకెళ్లే ఒక రవాణా ప్రోటీన్ ఉంటుంది. అది చెడిపోవడంతో లోపలున్న ఎంజైమ్‌కి పని అందడం లేదు. మూత్రపిండాల్లో కూడా ఇదే ప్రోటీన్‌కి ఒక పని ఉంది. వడకట్టిన ద్రవంలోంచి యూరిక్ యాసిడ్‌ని కొంత వెనక్కి రక్తంలోకి లాగడం. అక్కడా అది చెడిందే కాబట్టి వెనక్కి రావలసింది కూడా మూత్రంలోకే పోతోంది. అందుకే డాల్మేషన్‌కి గౌట్ రాదు. దాని రక్తంలో యూరిక్ యాసిడ్ మిగతా కుక్కల కన్నా ఎక్కువే, మన కన్నా తక్కువ. బరువంతా మూత్రం మీద పడింది.

ఆ ప్రోటీన్ ఏదో తేలడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో డానికా బన్నాష్ బృందం దాని జన్యువును పట్టుకుంది. పేరు ఎస్‌ఎల్‌సీ2ఏ9. అందులో ఒక్క అక్షరం మారింది. దానివల్ల ప్రోటీన్‌లో 188వ స్థానంలో సిస్టీన్ ఉండాల్సిన చోట ఫినైల్‌అలనిన్ వచ్చి కూర్చుంది. దాదాపు అదే సమయంలో మనుషుల రక్తంలో యూరిక్ యాసిడ్ హెచ్చుతగ్గుల్లోనూ, గౌట్‌లోనూ ఈ జన్యువుకే ముఖ్యపాత్ర ఉందని వేరే బృందాలు చెప్పాయి. పరీక్షించిన జాతి డాల్మేషన్లన్నిటిలో రెండు ప్రతులూ చెడినవే. ఒక్క మినహాయింపు కూడా దొరకలేదు. బుల్‌డాగ్‌లలో, బ్లాక్ రష్యన్ టెర్రియర్లలో కూడా ఇదే మార్పు కనబడింది గానీ, అక్కడ కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు.

కార్జం, ఎండ, ఒక చిన్న మాత్ర

యూరిక్ యాసిడ్ ఎక్కువున్నంత మాత్రాన ప్రతి డాల్మేషన్ మంచం పట్టదు. చాలా కుక్కలు ఏ ఇబ్బందీ లేకుండా ముసలివైపోతాయి. కానీ మూత్రం చిక్కబడినా, ఆమ్లగుణం పెరిగినా కరగని యూరిక్ యాసిడ్ ఇసుకలా పేరుకుని రాయి కడుతుంది. ఇబ్బంది ఎక్కువగా మగవాటికే. ఆడకుక్క మూత్రనాళం పొట్టి, వెడల్పు, చిన్న రాళ్లు వాటంతటవే బయటికి పోతాయి. మగకుక్క నాళం పొడుగు, సన్నం, పైగా పురుషాంగంలో ఉండే ఒక ఎముక పక్కన ఇంకా ఇరుకవుతుంది. రాయి అక్కడ చిక్కుకుంటుంది. కుక్క కాలెత్తి నిలబడుతుంది, చుక్కలు చుక్కలుగా పోస్తుంది లేదా ఏమీ రాదు. ‘పొద్దున్న చూద్దాంలే’ అనుకోవడానికి వీల్లేని పరిస్థితి ఇది. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక. మూత్రంలో రాళ్లనగానే అందరం ఎక్స్‌రే అంటాం. కాల్షియం రాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తూ కనబడతాయి. యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు అసలు కనబడవు. అల్ట్రాసౌండ్ చేయాలి, లేదా రంగు మందు ఎక్కించి చూడాలి. ఎక్స్‌రే బాగుందని ఇంటికి తీసుకొచ్చేస్తే రాయి అక్కడే ఉంటుంది. ఇదే రాయి డాల్మేషన్ కాని కుక్కలో దొరికితే తెలిసిన పశువైద్యుడు వేరే దారిలో ఆలోచిస్తాడు. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయాన్ని తప్పించుకుని అడ్డదారిలో పోతోందేమో అని చూస్తాడు. రెండు చోట్లా ఫలితం ఒకటే. యూరిక్ యాసిడ్ కాలేయ కణాల్లోకి చేరడం లేదు.

తిండి విషయంలో మన ఇళ్లలో ఒక అలవాటుంది. చికెన్ షాపుకెళ్తే మనకు మాంసం, కుక్కకు కార్జం, కందనకాయ, తలకాయలు. మటన్ కొట్టువాడు మొహమాటానికి ఇచ్చే మూత్రపిండాల ముక్కలు కూడా దాని ఖాతాలోకే. ‘కార్జం బలం’ అని మా ఇళ్లల్లోనూ అనేవారు. మామూలు కుక్కకు మితంగా పెడితే తప్పేం లేదు. డాల్మేషన్‌కి మాత్రం కార్జం, మూత్రపిండాలు, మెదడు లాంటివి ప్యూరిన్ల మూటలు. గుడ్డు, పాల పదార్థాల్లో ప్యూరిన్లు బాగా తక్కువ. మనం మామూలుగా అనుకునే లెక్క ప్రకారం ‘మాంసం తగ్గించి పప్పన్నం పెడదాం’ అనడం కూడా పూర్తి జవాబు కాదు, పప్పుల్లోనూ ప్యూరిన్లు ఓ మోస్తరుగా ఉంటాయి. కుక్క బరువు, వయసు, మూత్రపరీక్ష చూసి ఏది ఎంత పెట్టాలో చెప్పాల్సింది డాక్టరే.

తిండి కన్నా నీళ్లు ముఖ్యం. మూత్రం పల్చగా ఉంటే యూరిక్ యాసిడ్ కరిగే ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో మిద్దె మీద కట్టేసిన డాల్మేషన్, పక్కన ఎండకు కాగిపోయిన నీళ్ల గిన్నె. ఇంతకన్నా రాయికి అనువైన ఏర్పాటు ఇంకోటి ఉండదు. అన్నంలో నీళ్లు ఎక్కువ కలిపి పెట్టడం, రోజులో ఎక్కువసార్లు బయట తిప్పడం, చిన్న పనులే అయినా ఈ జాతికి మందుతో సమానం.

అసలు మందు కూడా ఉంది. గౌట్ ఉన్న పెద్దవాళ్లు వేసుకునే అల్లోప్యూరినాల్‌నే రాళ్లు కట్టే కుక్కలకూ ఇస్తారు. యూరిక్ యాసిడ్ తయారయ్యే మెట్టుకు ముందే అది అడ్డుకట్ట వేస్తుంది. అడ్డుకట్ట వేస్తే వెనకాల జాంథిన్ అనే పదార్థం పోగవుతుంది. ఒకవైపు ఆ మాత్ర వేస్తూ, ఇంకోవైపు కార్జం మానకపోతే ఈసారి జాంథిన్ రాళ్లు కడతాయి. ఇంట్లో తాతగారి మాత్రలున్నాయి కదా అని సొంతంగా మొదలుపెట్టకూడదు అనేది ఇందుకే.

ఒక్క మంచి ప్రతి కూడా మిగల్లేదు

మన దగ్గర పిల్లల డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ‘మేనరికమా?’ అనేది ఒకటి. తెలుగువాళ్లకు దీని వెనకున్న లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు. ప్రతి మనిషిలో ఏవో కొన్ని చెడిన జన్యువులు ఒక్కో ప్రతిగా నిద్రపోతూ ఉంటాయి. రక్తసంబంధం ఉన్న ఇద్దరి దగ్గర ఒకే చెడిన ప్రతి ఉండే అవకాశం ఎక్కువ, అవి రెండూ ఒక బిడ్డలో కలిస్తే జబ్బు లేచి కూర్చుంటుంది. కుక్కల జాతులన్నీ ఒక రకంగా తరతరాల మేనరికాలే. తాతకు మనవరాలిని జతకట్టించి, దానికి ‘లైన్ బ్రీడింగ్’ అని గొప్పగా పేరు కూడా పెట్టారు. ఒక మగకుక్క పోటీల్లో గెలిస్తే ఊళ్లో ఉన్న ఆడకుక్కలన్నీ దాని దగ్గరికే వెళ్తాయి. పదేళ్లకు ఎటు చూసినా దాని మనవలే.

ఇంగ్లండ్‌లో 1873లో, అమెరికాలో 1884లో జాతి కుక్కల వంశాలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్బులు మొదలయ్యాయి. జాతి పుస్తకాల్లో తల్లీతండ్రీ ఇద్దరి పేర్లూ ఉంటేనే పిల్లకు చోటు అన్న పద్ధతి క్రమంగా బిగిసింది. పుస్తకం మూసేశాక కొత్త జన్యువు బయటినుంచి రాదు, ఉన్నవి ఒక్కొక్కటే పోతుంటాయి. డాల్మేషన్లలో అలా పోయిన వాటిలో ఎస్‌ఎల్‌సీ2ఏ9 మంచి ప్రతి ఒకటి.

అది యాదృచ్ఛికంగా పోయిందా, లేక మనమే పోగొట్టామా అనే దాని మీద ఒక అనుమానం ఉంది. లోపం లేని డాల్మేషన్లలో మచ్చలు కొంచెం చిన్నవిగా, అంచులు అంత స్పష్టంగా లేకుండా ఉంటున్నాయని పెంపకందారులు చెబుతూ వచ్చారు. పెద్దగా, గుండ్రంగా, తేటగా ఉన్న మచ్చల్నే ఏరుకుంటూ పోయిన పాతకాలం వాళ్లు, తమకు తెలియకుండానే దాంతోపాటు ఈ లోపాన్నీ ఏరుకున్నారేమో అన్నది ఆ ఊహ. మచ్చలు కంటికి కనబడతాయి, యూరిక్ యాసిడ్ కనబడదు కదా.

అయితే మేనరికం పోలిక ఇక్కడ ఒకచోట ఆగిపోతుంది. మనలో దగ్గరి సంబంధం మానేసి దూరపు సంబంధం చేసుకుంటే ముప్పు తగ్గుతుంది. డాల్మేషన్‌కి ఎంత దూరపు సంబంధం వెతికినా లాభం లేదు. హైదరాబాద్ డాల్మేషన్‌కి ఆస్ట్రేలియా డాల్మేషన్‌ని తెచ్చి కట్టబెట్టినా ఇద్దరి దగ్గరా ఉన్నవి చెడిన ప్రతులే. జన్యు పరీక్ష చేయించినా ఫలితం ముందే తెలుసు. జాతి గోడ దాటితే తప్ప మంచి ప్రతి దొరకదు.

రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త 1973లో ఆ గోడ దాటారు. స్వయంగా డాల్మేషన్లు పెంచేవారు కూడా. ఒక డాల్మేషన్‌ని పాయింటర్ అనే వేట జాతి కుక్కతో కలిపారు. ఒకే ఒక్కసారి. పుట్టిన పిల్లలన్నిటికీ పాయింటర్ నుంచి ఒక మంచి ప్రతి వచ్చింది, మూత్రం మామూలుగా ఉంది. చూడ్డానికి మాత్రం డాల్మేషన్లలా లేవు. వాటిని మళ్లీ జాతి డాల్మేషన్లతో కలిపారు. ఇప్పుడు సగటున సగం పిల్లలకు మంచి ప్రతి, సగానికి లేదు. ఉన్నవాటిలో మచ్చలు బాగున్న దాన్ని ఎంచుకుని మళ్లీ డాల్మేషన్‌తో. ఇలా ప్రతి తరంలో. అప్పటికి జన్యువు ఏదో తెలియదు, కాబట్టి ప్రతి ఈతలో పిల్లల మూత్రం పట్టి కొలవాల్సిందే. కుక్కపిల్లల మూత్రం పట్టడం ఎంత పనో పెంచినవాళ్లకు తెలుసు.

లెక్క చూడండి. మొదటి తరంలో పాయింటర్ వంతు సగం, రెండో తరంలో పావు, తర్వాత ఎనిమిదో వంతు, పదహారో వంతు. అయిదో తరానికి 32వ వంతు, అంటే నూటికి మూడు. పదో తరానికి వెయ్యికి ఒక వంతు కన్నా తక్కువ. ఆ చివరి ఇసుమంతలో ఉంచుకోవాల్సింది ఒక్కటే, గేటు తెరిచే ఆ జన్యువు.

1981లో అయిదో తరం కుక్కలు రెండింటిని అమెరికన్ కెన్నెల్ క్లబ్ డాల్మేషన్లుగా నమోదు చేసింది. కథ అక్కడే ముగియాల్సింది. కానీ డాల్మేషన్ పెంపకందారుల సంఘంలో సభ్యులు భగ్గుమన్నారు. ‘ఇది సంకరం, మా జాతి కాదు’ అన్నారు. వాటి సంతానాన్ని నమోదు చేయడం ఆగిపోయింది.

వాళ్లందర్నీ మూర్ఖులనడం సులువు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. వాళ్ల భయాల్లో ఒకటి మాత్రం సబబైనదే. పాయింటర్ నుంచి మంచి జన్యువుతో పాటు మనకు తెలియని ఇంకో చెడు జన్యువు ఏదైనా లోపలికి వస్తే? అప్పటికి దాన్ని కనిపెట్టే పరీక్షలు లేవు. మచ్చల నాణ్యత గురించిన బెంగ కూడా అబద్ధం కాదు. కానీ తరాలు గడిచేకొద్దీ పాయింటర్ వంతు కరిగిపోతూ ఉంటే, ఆ భయం కూడా దాంతో పాటే కరగాలి కదా. అది కరగలేదు. అప్పుడు మిగిలింది రక్తం స్వచ్ఛత అనే మాట ఒక్కటే. ఇంకో సంగతి, కుక్కల ప్రదర్శనల చరిత్రలో మొదటిదిగా చెప్పుకునేది 1859లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జరిగింది. అందులో పాల్గొన్నవి పాయింటర్లు, సెట్టర్లు మాత్రమే. అంటే సంబంధం కలిపింది అనామక వంశంతో ఏమీ కాదు.

షైబుల్, ఆయన వెంట నిలిచిన కొద్దిమంది ఆ వంశాన్ని పోనివ్వకుండా నడుపుతూ వచ్చారు. విచిత్రమేమిటంటే 2008లో జన్యువు దొరకడానికి ఆ వంశమే పనికొచ్చింది. జాతి డాల్మేషన్లన్నీ ఒకేలా ఉంటే తేడా ఎక్కడుందో ఎలా వెతుకుతాం? మంచి ప్రతి ఉన్నవి, లేనివి ఒకే ఈతలో పుట్టిన ఈ కుక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం వల్లే ఆ చోటు దొరికింది. పుస్తకంలోకి రానివ్వని కుక్కలే జాతి రహస్యం చెప్పాయి.

జన్యువు తెలిశాక వాదం మెత్తబడింది. 2010 జనవరిలో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఆ వంశపు ఆడకుక్క ఒకదాన్ని నమోదు చేసింది. ముద్దుపేరు ఫియోనా. మరుసటి ఏడాది అది క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో బరిలో దిగింది. 2011లో అమెరికన్ క్లబ్ కూడా తలుపు తీసింది. మొదటి సంకరానికీ ఆ రోజుకీ మధ్య 38 ఏళ్లు.

అన్ని జాతుల లెక్కా ఒకటి కాదు

డాల్మేషన్ కథ విని ‘అయితే ప్రతి జాతినీ సంకరం చేసేద్దాం’ అనేవాళ్లున్నారు. అక్కర్లేదు. మంచి ప్రతి జాతి లోపలే ఉన్నచోట దారి వేరు.

ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్ గని కార్మికుల ఊరు బెడ్లింగ్టన్. గొర్రెపిల్లలా కనిపించే బెడ్లింగ్టన్ టెర్రియర్ అక్కడిదే. 1970ల్లో ఈ జాతి కుక్కలు కాలేయం చెడి చనిపోతున్నాయని గమనించారు. తిండిలో వచ్చే రాగిని కాలేయం పైత్యరసంలోకి తోసేయాలి, వీటిలో అది అక్కడే పేరుకుపోతోంది. మనుషుల్లో వచ్చే విల్సన్ జబ్బుకు దగ్గరి చుట్టం, కానీ జన్యువు వేరు. 2002లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఆ జన్యువులో ఒక ముక్క మొత్తం ఎగిరిపోయిందని కనిపెట్టారు. దాని పేరు ఇప్పుడు కామ్‌డీ1. ఇక్కడ లోపం చాలా కుక్కల్లో ఉన్నా అన్నిటిలో లేదు. ఒక ప్రతి మాత్రమే చెడిన కుక్కను పూర్తిగా మంచిదానితో కలిపితే జబ్బు పిల్ల పుట్టదు. అలా పరీక్షిస్తూ జతలు కలుపుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో జబ్బు చాలా తగ్గుతుంది. ఒక్క ప్రతి చెడిందని ప్రతి కుక్కనూ తీసిపారేస్తే, అసలే చిన్న జాతి ఇంకా చిన్నదై వేరే జబ్బులు లేస్తాయి. ఇందులోనూ ఒక చేదు పాఠం ఉంది. ఆ ముక్క లేచిపోని కొన్ని బెడ్లింగ్టన్లలోనూ రాగి పేరుకోవడం కనబడింది. పరీక్షలో ‘క్లియర్’ అని వచ్చినంత మాత్రాన కాలేయానికి హామీ లేదు.

స్ప్రింగర్ స్పానియల్‌ది ఇంకో తరహా. చక్కెరను కండరం శక్తిగా మార్చుకునే దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ కొన్నిటికి ఉండదు. మామూలుగా చూస్తే బాగానే ఉంటుంది. బాగా పరిగెత్తినప్పుడో, ఎండలో గట్టిగా రొప్పినప్పుడో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. వీటి ఎర్ర రక్తకణాలు దానికి తట్టుకోలేక పగిలిపోతాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. మన దగ్గర అలాంటి మూత్రం చూస్తే ఎవరైనా ముందు పిడుదుల జ్వరం అనుకుంటారు, చాలాసార్లు అదే నిజం కూడా. పిడుదుల పరీక్షలో ఏమీ దొరక్క, ఎండ దెబ్బకల్లా అదే తిరగబడుతుంటే మాత్రం ఇంకో కోణం ఉంది. అమెరికన్ కాకర్ స్పానియల్లోనూ ఇదే లోపం కనబడింది.

ఇక మన వీధుల్లో అన్నిటికన్నా ఎక్కువ కనబడే లాబ్రడార్. ‘ఎంత పెట్టినా చాలదండీ దీనికి’ అనని లాబ్రడార్ యజమాని ఉండరు. 2016లో కేంబ్రిడ్జ్‌లో ఎలెనార్ రాఫన్ బృందం దీనికి ఒక కారణం చెప్పింది. పీఓఎంసీ అనే జన్యువులో 14 అక్షరాలు లేచిపోయాయి. ‘కడుపు నిండింది’ అని మెదడుకు చెప్పే సంకేతాల్లో ఒకటి దానివల్ల తయారు కాదు. వాళ్లు చూసిన లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు కనీసం ఒక ప్రతి ఇలా ఉంది. ఒక్కో ప్రతికి సగటున 2 కిలోల బరువు అదనం. 2024లో అదే బృందం ఇంకో సంగతి చేర్చింది. ఈ కుక్కలకు ఆకలి ఎక్కువే కాదు, ఊరికే పడుకున్నప్పుడు ఖర్చయ్యే శక్తి మామూలు వాటి కన్నా సుమారు 25 శాతం తక్కువ. రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ.

ఇది డాల్మేషన్‌లా రెండు ప్రతులూ చెడితేనే బయటపడే రకం కాదు, ఒక్కటున్నా ప్రభావం కనబడుతుంది. చూపులేనివాళ్లకు, వికలాంగులకు సాయపడేందుకు శిక్షణ పొందే లాబ్రడార్లలో ఇది నాలుగింట మూడు వంతుల కుక్కల్లో ఉందని తేలింది. బిస్కట్ ముక్కకు ఏ పనైనా చేసే కుక్క శిక్షణకు సులువు. శిక్షకులు తెలివైన కుక్కని ఎంచుకున్నామనుకుని ఆకలేసే కుక్కని ఎంచుకున్నారన్నమాట. దీన్ని జబ్బు అనాలా, గుణం అనాలా? పల్లెలో పొద్దంతా పొలం గట్ల మీద తిరిగే కుక్కకు అది గుణమే. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ గదిలో, ప్రతి భోజనానికీ బల్ల పక్కన పెరుగన్నం ముద్ద అందుకునే కుక్కకు అదే కీళ్ల నొప్పి అవుతుంది.

కుక్కపిల్లను కొనేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది ‘పేపర్లు ఉన్నాయా?’ అని. ఆ కాగితంలో తాతముత్తాతల పేర్లుంటాయి, అవి గెలిచిన బిరుదులుంటాయి. ఆ తాతకు ఏ జన్యువులో ఎన్ని ప్రతులు మంచివో ఉండదు. అది తెలియాలంటే బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ల్యాబ్‌కి పంపాలి. లాబ్రడార్‌కి, స్పానియల్‌కి ఆ పరీక్ష కాగితం తల్లిదండ్రులిద్దరిదీ అడగడంలో అర్థముంది. మామూలు డాల్మేషన్‌కి అడిగితే అమ్మేవాడు నవ్వుతాడు, ఈసారి అతనిదే న్యాయం. అక్కడ అడగాల్సింది వేరు. ఇది పాయింటర్ మంచి ప్రతి వచ్చిన వంశమా కాదా అని.

ఆ వంశంలో ఇప్పటికీ ఎక్కువగా ఒక్క మంచి ప్రతి ఉన్నదాన్ని మామూలు డాల్మేషన్‌తోనే కలుపుతారు, జాతిలో మిగతా జన్యువుల వైవిధ్యం పోకుండా. ఈతలో ఎనిమిది పిల్లలు పుడితే సగటున నాలుగింటికి ఆ ప్రతి వస్తుంది. డాల్మేషన్ పిల్లలు పుట్టినప్పుడు తెల్లగా ఉంటాయి, మచ్చలు పది పదిహేను రోజులకు గానీ మొదలవ్వవు. అవి వచ్చాక మచ్చలు బాగున్నదేదో చూడగానే ఎవరైనా చెప్పేస్తారు. గేటు తెరుచుకున్నదేదో చెప్పడానికి మాత్రం ఒక్కో పిల్ల మెడకు ఒక్కో రంగు రిబ్బను కట్టి, దూదిపుల్లలు పంపి, ల్యాబ్ నుంచి కాగితం వచ్చేదాకా ఆగాలి.